ముగింపు రాసే చెయ్యి ఎవరిది: మూకీ కౌబాయ్ సినిమాల్లో మూలవాసులు, నల్లజాతివారు, మెక్సికన్లు

1910లో పాథే కంపెనీ విడుదల చేసిన ‘వైట్ ఫాన్స్ డివోషన్’ పదకొండు నిమిషాల సినిమా. పడమటి మైదానాల్లో కాపురముంటున్న ఒక తెల్లవాడికి ఉత్తరం వస్తుంది, దూరాన ఆస్తి కలిసివచ్చిందని. వెళ్ళి తెచ్చుకుంటానంటాడు. అతని భార్య వైట్ ఫాన్ అమెరికా మూలవాసి. వెళ్ళినవాడు ఇక తిరిగిరాడన్న భయంతో ఆమె కత్తితో పొడుచుకుంటుంది. తల్లి మీదికి వంగి ఉన్న తండ్రిని చూసిన చిన్న కూతురు, అతనే చంపాడనుకుని తెగవాళ్ళ దగ్గరికి పరిగెడుతుంది. వాళ్ళు అతన్ని తరిమి పట్టుకుంటారు. శిక్ష అమలు చెయ్యమని ఆ పిల్లకే కత్తి ఇస్తారు. ఇంతలో వైట్ ఫాన్ ప్రాణాలతో అక్కడికి వస్తుంది. ఆస్తి మాట వదిలేసి ముగ్గురూ ఆ మైదానాల్లోనే ఉండిపోతారు.

నాలుగేళ్ళకు, 1914లో, ‘ది స్క్వా మ్యాన్’ వచ్చింది. సెసిల్ బి. డెమిల్, ఆస్కార్ అప్ఫెల్ కలిసి తీసిన ఈ సినిమా హాలీవుడ్‌లో తయారైన తొలి పూర్తి నిడివి చిత్రాల్లో ఒకటి. ఇందులోనూ పడమటికి వచ్చి స్థిరపడ్డ తెల్లవాడు ఉన్నాడు, మూలవాసి భార్య ఉంది, బిడ్డ ఉన్నాడు, ఇంగ్లండు నుంచి కబురొచ్చే వారసత్వమూ ఉంది. కానీ ఈసారి ఆమె తనను తాను చంపుకుంటుంది, నిజంగానే చనిపోతుంది. బిడ్డ తండ్రి వంశానికి చేరతాడు. తండ్రికి తన పాత ప్రపంచంలోకి దారి తెరుచుకుంటుంది. సినిమా పేరులో ఉన్న ‘స్క్వా’ అనేది మూలవాసి స్త్రీలను కించపరిచే మాట.

ఈ రెండు సినిమాలకూ ఒక కుటుంబ సంబంధం ఉంది. మొదటిదాని దర్శకుడు జేమ్స్ యంగ్ డీర్. రెండోదాంట్లో చనిపోయే భార్యగా నటించిన రెడ్ వింగ్ అతని భార్యే. ఆమె అసలు పేరు లిలియన్ సెంట్ సిర్, నెబ్రాస్కాలోని విన్నెబేగో రిజర్వేషన్‌లో (మూలవాసులకు ప్రభుత్వం కేటాయించిన ప్రాంతంలో) పుట్టిన హో-చంక్ తెగ స్త్రీ. అంటే ‘ది స్క్వా మ్యాన్’లో మూలవాసి పాత్రను మూలవాసే వేసింది. ఈ రోజుల్లో ప్రాతినిధ్యం గురించి మాట్లాడేటప్పుడు ముందుగా అడిగేది అదే కదా, పాత్ర ఎవరిదో నటులూ వాళ్ళేనా అని. ఇక్కడ ఆ షరతు తీరింది. అయినా ఆ పాత్ర బతకలేదు.

మూకీ వెస్టర్న్‌ల, అంటే కౌబాయ్ సినిమాల, గురించి ఆలోచించేటప్పుడు పట్టుకోవలసిన కొస ఇదే. ఆ సినిమాల్లో రకరకాల ముఖాలకు లోటు లేదు. లకోటాలు, కయోవాలు, మెక్సికన్లు, చైనీయులు, జపనీయులు, నల్లజాతివారు, అందరూ కెమెరా ముందుకు వచ్చారు. కథ ఎలా ముగియాలో చెప్పే అధికారం మాత్రం కొద్దిమందికి, కొన్నేళ్ళపాటే దక్కింది. ఎవరికి, ఎందుకు దక్కిందో, ఎలా చేజారిందో చూస్తే ఆ కాలం సరిగ్గా అర్థమవుతుంది.

మాట గురించి ఒక మాట. తెలుగులో ఇప్పటికీ చాలామంది ‘రెడ్ ఇండియన్లు’ అనే అంటారు. కౌబాయ్ సినిమాలు, అనువాద నవలలు అలవాటు చేసిన పేరది. అది వాళ్ళు తమకు పెట్టుకున్న పేరు కాదు. ఇక్కడ మూలవాసులు అన్న మాటనూ, తెలిసినచోట తెగ పేరునూ వాడుతున్నాం.

సినిమా పుట్టిన దగ్గర్నుంచీ మూలవాసులు అందులో ఉన్నారు. 1894 సెప్టెంబరులో న్యూజెర్సీలోని ఎడిసన్ స్టూడియోకు పడమటి జీవితాన్ని ఆడి చూపించే బఫెలో బిల్ ప్రదర్శన బృందం నుంచి కొందరు సూ తెగ నర్తకులు వచ్చారు. వాళ్ళ నృత్యాలను కొన్ని సెకన్ల ముక్కలుగా తీశారు. అమెరికా సైన్యం లకోటాలను చంపిన ఊండెడ్ నీ హత్యాకాండ జరిగి అప్పటికి నాలుగేళ్ళు కూడా కాలేదు. సైన్యం చంపిన జనం తాలూకు బంధువులు, తెగవాళ్ళు బతికే ఉన్న రోజుల్లోనే ఆ నృత్యం నాణెం వేసి చూసే పెట్టెలోకి చేరింది. ఆ నర్తకులు మనసులో ఏమనుకున్నారో ఎక్కడా రాసిలేదు. కానీ ఆ చిన్న ముక్క చూస్తుంటే కళ్ళు తిప్పుకోలేం.

1908 నుంచి 1912 వరకు వెస్టర్న్‌ల వరద వచ్చింది. 1910లో అమెరికా కంపెనీలు విడుదల చేసిన సినిమాల్లో దాదాపు అయిదో వంతు వెస్టర్న్‌లే. ఒక్కో సినిమా ఒక్క రీలు, పది పదిహేను నిమిషాలు. అయిదు సెంట్ల టిక్కెట్టుతో నడిచే చిన్న హాళ్ళలో బొమ్మ వారానికి చాలాసార్లు మారేది. కూలీలు, కొత్తగా వలస వచ్చినవాళ్ళు ఎక్కువగా చూసేవారు. ఆ కాలపు మొదటి కౌబాయ్ హీరో బ్రాంకో బిల్లీ ఆండర్సన్ కూడా మాక్స్ ఆరన్సన్ అనే పేరుతో యూదు కుటుంబంలో పుట్టినవాడే.

ఫ్రాన్సుకు చెందిన పాథే కంపెనీకి ఈ సమయంలో ఒక చిక్కు వచ్చిపడింది. వాళ్ళు తీసిన వెస్టర్న్‌లు అచ్చం అబద్ధంలా ఉన్నాయని అమెరికా సినిమా పత్రికలు విరుచుకుపడ్డాయి. అందుకని పాథే 1910లో అమెరికాలోనే స్టూడియో పెట్టి, యంగ్ డీర్‌ను దర్శకుడిగా తీసుకుంది. తర్వాత లాస్ ఏంజెలెస్‌లోని ఎడెన్‌డేల్ స్టూడియో అతని చేతికే అప్పగించింది. మూలవాసుల మీద ప్రేమతో చేసిన పని కాదు, ‘అసలు సిసలు’ అన్న ముద్ర మార్కెట్లో అమ్ముడుపోతుందని చేసిన పని. అయినా ఆ సందులోంచి అతను కథలు మార్చగలిగాడు. తెల్లవాళ్ళు, మూలవాసులు పెళ్ళి చేసుకుని కలిసి బతకడం, మూలవాసి పాత్ర తెల్ల మోసగాడిని ఓడించడం లాంటివి అతని సినిమాల్లో మళ్ళీ మళ్ళీ వచ్చాయి. ఒక రీలు సినిమా చవక. వారం వారం సరుకు కావాలి. ప్రతి కథనూ యజమాని కూర్చుని పరిశీలించే తీరిక లేదు. ఆ హడావిడే అతనికి స్వేచ్ఛ ఇచ్చింది.

యంగ్ డీర్ తనను విన్నెబేగో తెగవాడినని చెప్పుకున్నాడు. తర్వాతి పరిశోధనలో తేలింది వేరు. అతను వాషింగ్టన్‌లో జేమ్స్ యంగ్ జాన్సన్‌గా పుట్టాడు, డెలావేర్ ప్రాంతపు నాంటికోక్ సమాజం మూలాలవాడు. శతాబ్దాలుగా మూలవాసి, ఆఫ్రికన్, తెల్లజాతి రక్తాలు కలిసిన సమాజమది. ప్రభుత్వ లెక్కల్లో అలాంటివారిని ఒక్కోసారి ఒక్కోలా రాసేవారు. అతన్ని మోసగాడని తేల్చెయ్యడం తేలిక. కానీ ఈకల టోపీ, మైదానాల తెగ పేరు ఉంటేనే ‘అసలు’ మూలవాసిగా ఒప్పుకునే పరిశ్రమలో, తూర్పు తీరపు నాంటికోక్‌కు తన సొంత పేరుతో చోటు దొరికేదా? ఆ ప్రశ్నకు జవాబివ్వవలసింది అతను కాదు, అతనికి పని ఇచ్చిన పరిశ్రమ.

ఆ కొద్దికాలంలోనే తెల్ల దర్శకుల సినిమాల్లో కూడా కొంత సానుభూతి కనిపిస్తుంది. డి.డబ్ల్యు. గ్రిఫిత్ 1909లో తీసిన ‘ది రెడ్‌మాన్స్ వ్యూ’లో తెల్లవాళ్ళు తరిమేస్తుంటే ఊరు వదిలి నడిచిపోయే తెగ బాధ ఉంది. అదే గ్రిఫిత్ 1913 నాటి ‘ది బ్యాటిల్ ఎట్ ఎల్డర్‌బుష్ గల్చ్’కి వచ్చేసరికి గొడవ మొదలయ్యేది మూలవాసులు కుక్కపిల్లలను తినబోవడంతో. తర్వాత వాళ్ళు తెల్లవాళ్ళ ఇంటిని ముట్టడిస్తారు. లోపల ఉన్న యువతి వాళ్ళ చేతికి చిక్కేకంటే చావడమే నయమన్నట్టు, ఇంట్లోవాళ్ళే ఆమె తలకు వెనకనుంచి తుపాకీ గురిపెడతారు. నాలుగేళ్ళలో ఇంత తేడా రావడానికి కారణం దర్శకుడి మనసు మారడం ఒక్కటే కాదు. సినిమాలు పొడుగయ్యాయి, ఖర్చు పెరిగింది. ఇంటిని చుట్టుముట్టడం, చివరి నిమిషంలో సైన్యం దూసుకురావడం అన్న కూర్పు జనాన్ని కట్టిపడేస్తుందని తేలిపోయింది. ఆ టెన్షన్ పుట్టాలంటే చుట్టుముట్టేవాళ్ళకు ముఖాలు, పేర్లు, కుటుంబాలు ఉండకూడదు.

మూలవాసులు దీన్ని మౌనంగా చూస్తూ కూర్చోలేదు. తమను తెర మీద చూపిస్తున్న తీరు మీద 1911లోనే పడమటి తెగల ప్రతినిధులు వాషింగ్టన్‌లో ఫిర్యాదు చేశారు. సినిమా పత్రికలు ఆ సంగతి రాశాయి.

ఇక నిర్మాత థామస్ ఇన్స్ కథ చూద్దాం. శాంటా మోనికా దగ్గరి లోయలో అతను పెద్ద స్టూడియో కట్టాడు. జనం దాన్ని ఇన్స్‌విల్ అన్నారు. మిల్లర్ సోదరుల 101 రాంచ్ ప్రదర్శన బృందంతో ఒప్పందం చేసుకుని పైన్ రిడ్జ్ రిజర్వేషన్‌లోని లకోటాలను (సూ జనంలో ఒక శాఖ) రప్పించాడు. వాళ్ళు అక్కడే తమ గుడారాల్లో ఉండేవారు. 1912 నాటి ‘ది ఇన్‌వేడర్స్’లో సూ నాయకుడిగా విలియమ్ ఈగిల్ షర్ట్ నటించాడు. నిబ్బరంగా, ఎక్కడా అతి లేకుండా చేశాడు. ఆ సినిమాలో ముందుగా ఒప్పందాన్ని ఉల్లంఘించేది తెల్ల రైల్వే సర్వేయర్లే. కానీ నాయకుడి కూతురు పాత్రకు తెల్లమ్మాయి ఆన్ లిటిల్‌ను తీసుకున్నారు. ఆ పాత్ర కూడా చివరికి చనిపోతుంది. 1914లో ‘ది లాస్ట్ ఆఫ్ ది లైన్’లో సూ నాయకుడి కొడుకుగా జపాన్ నటుడు సెస్యూ హయకావా కనిపిస్తాడు. చుట్టూ ఉన్న గుంపులో నిజమైన లకోటాలు, మధ్యలో ప్రధాన పాత్రగా వేరే జాతి నటుడు. తర్వాత అరవై ఏళ్ళు హాలీవుడ్ అనుసరించిన పద్ధతి ఇక్కడే గట్టిపడింది.

లకోటా రచయిత లూథర్ స్టాండింగ్ బేర్ ఆ రోజుల్లో ఇన్స్ దగ్గర పనిచేశాడు. పెన్సిల్వేనియాలోని కార్లైల్ బడికి 1879లో వెళ్ళిన మొదటి జట్టు పిల్లల్లో అతనొకడు. జుట్టు కత్తిరించి, మాతృభాష మాన్పించిన బడి అది. రెడ్ వింగ్ కూడా తర్వాత అక్కడే చదివింది. మూలవాసుల గురించి వస్తున్న కథలు నిజం కావని, తమవాళ్ళకు నటన నేర్పి నిజమైన కథలు తీయడానికి తాను సాయపడతానని ఇన్స్‌కు చెప్పినట్టు అతను తన ఆత్మకథలో రాశాడు. ఆ పని జరగలేదు. గుర్రాలు, బట్టలు, ముఖాలు తీసుకున్న పరిశ్రమ, సలహా దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ముడుచుకుంది.

మెక్సికన్ల సంగతి ఇంకోలా నడిచింది. 1908 నుంచే ‘గ్రీజర్’ అన్న తిట్టుమాట సినిమాల పేర్లలోకి ఎక్కింది. గ్రిఫిత్ ‘ది గ్రీజర్స్ గాంట్లెట్’, ఆండర్సన్ ‘బ్రాంకో బిల్లీ అండ్ ది గ్రీజర్’ లాంటివి పోస్టర్ల మీద సిగ్గు లేకుండా ఊరూరా తిరిగాయి. విలియమ్ ఎస్. హార్ట్ నటించిన ‘హెల్స్ హింజెస్’ (1916) మూకీ వెస్టర్న్‌ల్లో గొప్పదని పేరున్న సినిమా, తగలబడే ఊరి దృశ్యం ఇప్పటికీ ఒళ్ళు జలదరింపజేస్తుంది. అందులో విలన్‌ను పరిచయం చేసే టైటిల్ కార్డు, మెక్సికన్ల జిత్తులమారితనమూ పాము ద్రోహబుద్ధీ కలిసినవాడని చెబుతుంది. మూకీల్లో మాట వినబడదు కాబట్టి టైటిల్ కార్డు వేసే ముద్ర బలంగా పడుతుంది. తెర మీద అక్షరాలుగా కనిపించింది ప్రేక్షకుడి మనసులో తీర్పుగా మిగిలిపోతుంది.

మెక్సికోకు ఒక ప్రభుత్వం, సరిహద్దు, సినిమా హాళ్ళు ఉన్నాయి. 1922లో ఆ ప్రభుత్వం గట్టి నిర్ణయం తీసుకుంది. మెక్సికన్లను కించపరిచే సినిమా ఏ కంపెనీ తీస్తే, ఆ ఒక్క సినిమానే కాదు, ఆ కంపెనీ సరుకు మొత్తాన్ని నిషేధిస్తామంది. హాలీవుడ్ దిగివచ్చి బేరానికి కూర్చుంది. విలన్లు మాయం కాలేదు. చాలాచోట్ల ఊహాదేశాల పౌరులుగా మారారు. కానీ ఒత్తిడి పనిచేస్తుందని మాత్రం తేలింది. మూలవాసులకు ఆ ఆయుధం లేదు. వాళ్ళందరికీ అమెరికా పౌరసత్వమే 1924 దాకా రాలేదు.

తెర మీద మెక్సికన్‌ను తిడుతున్న ఆ ఏళ్ళలోనే లాస్ ఏంజెలెస్‌లో పాత మెక్సికన్ కుటుంబంలో పుట్టిన మర్టిల్ గొంజాలెజ్ అడవుల్లో, కొండల్లో సాగే సాహస కథల నాయికగా వెలిగింది. 1918లో ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి ఆమెను 27 ఏళ్ళకే తీసుకుపోయింది. వెనెజువెలా గాయకుడి కూతురు బియాట్రిజ్ మిచెలీనా 1914లో ‘సలోమీ జేన్’లో కాలిఫోర్నియా బంగారు గనుల కాలపు కథానాయికగా నటించి, తర్వాత సొంత నిర్మాణ సంస్థే పెట్టుకుంది. ఆ సినిమాలు తీసిన స్టూడియో నెగెటివ్‌లన్నీ 1931లో తగలబడిపోయాయి. ‘సలోమీ జేన్’ ప్రతి ఒకటి 1990లలో ఆస్ట్రేలియాలో దొరకబట్టి ఆమె ముఖం మనకు మిగిలింది. స్త్రీల మాట వచ్చింది కాబట్టి రూత్ ఆన్ బాల్డ్విన్ పేరు కూడా తలుచుకోవాలి. 1917లో ఆమె ‘49-17’ అనే పూర్తి నిడివి వెస్టర్న్‌కు దర్శకత్వం వహించింది.

నల్లజాతి కౌబాయ్‌ల చరిత్రకూ తెరకూ మధ్య ఉన్న దూరం అన్నిటికంటే ఎక్కువ. అంతర్యుద్ధం తర్వాత టెక్సాస్ నుంచి ఉత్తరానికి పశువుల మందలు తోలిన కౌబాయ్‌లలో నలుగురిలో ఒకరు నల్లజాతివారని చరిత్రకారుల్లో చాలామంది అంచనా. పెద్ద స్టూడియోల వెస్టర్న్‌లలో మాత్రం వాళ్ళు వంటవాళ్ళుగానో, నవ్వులాటకో తప్ప లేరు. అందుకే ఆ కథ తెర మీదికి బయటి దారిలో వచ్చింది. నల్లజాతి ప్రేక్షకుల హాళ్ళ కోసం తీసే సినిమాలను ఆ రోజుల్లో ‘రేస్ మూవీస్’ అనేవారు. ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో రిచర్డ్ నార్మన్ అనే తెల్ల నిర్మాత ఓక్లహోమాలోని బోలీకి కెమెరా తీసుకెళ్ళాడు. బోలీ పూర్తిగా నల్లజాతివారు కట్టుకున్న ఊరు. అక్కడ ‘ది బుల్-డాగర్’, ‘ది క్రిమ్సన్ స్కల్’ తీశాడు. మొదటిదాని హీరో బిల్ పికెట్. పరిగెత్తే గుర్రం మీదనుంచి ఎద్దు మీదికి దూకి, కొమ్ములు పట్టి, దాని పెదవిని పళ్ళతో కరిచి నేలకు వంచే విద్యకు పేరుపడ్డ నిజమైన కౌబాయ్. ఇప్పటి రోడియోల్లో (కౌబాయ్ విద్యల పోటీల్లో) ఎద్దును కూలదోసే పోటీ ఆ విద్య నుంచి వచ్చిందే. ‘బుల్-డాగర్’లో కొన్ని ముక్కలే మిగిలాయి. ‘క్రిమ్సన్ స్కల్’ పోస్టర్లు అందంగా ఉంటాయి, సినిమా లేదు.

అంతకుముందే 1916లో నోబుల్ జాన్సన్ తదితరులు లింకన్ మోషన్ పిక్చర్ కంపెనీ పెట్టి, మెక్సికోలోని కరిజాల్ దగ్గర పోరాడిన నల్లజాతి అశ్వికదళం మీద ‘ది ట్రూపర్ ఆఫ్ ట్రూప్ కె’ తీశారు. పొట్టకూటికి జాన్సన్ పెద్ద స్టూడియోల్లో మూలవాసిగా, ఆసియావాడిగా, ఇంకా ఎన్నో జాతులవాడిగా వేషాలు వేస్తూ వచ్చాడు. తనవాడిగా, నల్లజాతి మనిషిగా హీరో అయ్యే చోటు మాత్రం తను పెట్టుకున్న కంపెనీయే. 1918కల్లా దాన్నీ వదులుకున్నాడు.

ఆ కంపెనీవాళ్ళే ఆస్కార్ మిషో నవల ‘ది హోమ్‌స్టెడర్’ను సినిమాగా తీద్దామని అడిగారు. మిషో దక్షిణ డకోటాలో భూమి తీసుకుని, బీడు దున్ని వ్యవసాయం చేసిన నల్లజాతి రైతు. ఆ బతుకే నవలగా రాశాడు. సినిమా తీసేటప్పుడు తన చెయ్యి ఉండాలని పట్టుబట్టాడు. బేరం కుదరలేదు. అయితే నేనే తీసుకుంటానని కంపెనీ పెట్టి 1919లో విడుదల చేశాడు. నల్లజాతి దర్శకుడు తీసిన తొలి పూర్తి నిడివి సినిమా అదే. అతని మొండితనం లేకపోతే ఆ కథ ముగింపు ఇంకెవరో రాసేవారు. ఇప్పుడు ఆ సినిమా ఎక్కడా లేదు.

1920లో మిషో ‘ది సింబల్ ఆఫ్ ది అన్‌కాంకర్డ్’ తీశాడు. పడమటి ఊళ్ళో భూమి ఉన్న నల్లజాతి యువకుడు, తాత ఆస్తి కోసం వచ్చిన యువతి, ఆ భూమి కింద చమురు ఉందని పసిగట్టిన ముఠా, వాళ్ళు ఉసిగొల్పే ముసుగు రౌతులు. నల్లజాతివారి మీద ముసుగులేసుకుని దాడులు చేసే కు క్లక్స్ క్లాన్ ముఠా దేశమంతా మళ్ళీ పెరుగుతున్న ఏడాదిలో ధైర్యంగా తీసిన సినిమా. అందులో ఒక భారతీయ ఫకీరు పాత్ర కూడా ఉంది, వేసింది నల్లజాతి నటుడు లీ విప్పర్. మన జాతి మీద ఉన్న చవకబారు అచ్చు మిషో చేతిలోనూ పడింది. ఇంకో మాట కూడా చెప్పాలి. మిషో దున్నిన గ్రెగరీ కౌంటీ నేల, ప్రభుత్వం రోజ్‌బడ్ లకోటాల రిజర్వేషన్ నుంచి తీసి పంచిన భూమి. నల్లజాతి రైతు విజయగాథలో ఆ సంగతి ఎక్కడా కనబడదు. ఒకరికి న్యాయం చేసిన కథ ఇంకొకరిని మరిచిపోవచ్చు. ఇది మిషోను తక్కువ చెయ్యడం కాదు, పడమటి భూమి కథ ఎంత చిక్కుపడి ఉందో చెప్పడం.

1920లలో పెద్ద స్టూడియోలు మూలవాసుల మీద సానుభూతి సినిమాలకు మళ్ళీ వచ్చాయి. ‘ది వానిషింగ్ అమెరికన్’ (1925)లో మాన్యుమెంట్ వ్యాలీ, నవాహో జనం, రిజర్వేషన్ అధికారి దుర్మార్గం అన్నీ ఉన్నాయి. హీరో రిచర్డ్ డిక్స్ మాత్రం ముఖానికి రంగు పూసుకున్న తెల్లవాడు. కథ చివర అతను చావాలి. సినిమా పేరే మీరు అంతరించిపోతున్నారని చెబుతోంది కదా. అదే డిక్స్‌తో 1929లో వచ్చిన ‘రెడ్‌స్కిన్’లో మూలవాసుల బతుకు రంగుల్లో, తెల్లవాళ్ళ లోకం రంగు లేకుండా కనిపిస్తుంది. అందమైన ఊహ, నాయకుడి ముఖం మాత్రం మారలేదు. చికసా తెగ మూలాలున్న దర్శకుడు ఎడ్విన్ కారూ 1928లో ‘రమోనా’ తీస్తే నాయికగా మెక్సికన్ నటి డొలోరెస్ డెల్ రియో వేసింది. అదే పాత్రను 1910లో మేరీ పిక్‌ఫర్డ్ వేసిందని గుర్తుచేసుకుంటే, జరిగిన మార్పు చిన్నది కాదు.

వీటన్నిటికీ దూరంగా, 1920లో ఓక్లహోమాలోని విచిటా కొండల్లో దాదాపు 300 మంది కయోవాలు, కమాంచీలు ‘ది డాటర్ ఆఫ్ డాన్’లో నటించారు. దర్శకుడు తెల్లవాడే. కానీ తెర మీద ఒక్క తెల్ల పాత్ర లేదు. కమాంచీ నాయకుడు క్వానా పార్కర్ కొడుకు, కూతురు అందులో ఉన్నారు. బట్టలు, గుర్రాలు, గుడారాలు వాళ్ళు తమ ఇళ్ళనుంచే తెచ్చుకున్నారు. ఇద్దరు యువకులు ఒకే అమ్మాయిని ప్రేమించిన కథ అది. తెల్లవాళ్ళతో యుద్ధం లేదు, జాతి అంతరించిపోవడం లేదు. ప్రేమ, పిరికితనం, వేట, దొంగదాడి ఉన్నాయి. ఇంత మామూలు కథ మూలవాసులకు దక్కడమే అరుదు. దశాబ్దాలపాటు పోయిందనుకున్న ఆ సినిమా బయటపడింది. ఓక్లహోమా చరిత్ర సంస్థ దాన్ని 2007లో కొని, బాగుచేయించి, 2012లో ప్రదర్శించింది.

అన్ని సినిమాలకూ ఆ అదృష్టం లేదు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 1912 నుంచి 1929 వరకు వచ్చిన 10,919 పూర్తి నిడివి మూకీల్లో 14 శాతమే విడుదలైన రూపంలో మిగిలాయి. నష్టం అందరికీ ఒకేలా జరగలేదు. పెద్ద స్టూడియో సినిమాలకు ఎక్కువ ప్రతులు, గోదాములు, తర్వాత ఆర్కైవులు ఉన్నాయి. రేస్ మూవీకి కొద్దిపాటి ప్రతులు తీసి, అరిగిపోయేదాకా ఊరూరా తిప్పేవారు. అందుకే మూకీ వెస్టర్న్ అనగానే మనకు గుర్తొచ్చేది, మిగలగలిగినవాళ్ళ వెస్టర్న్.

‘ది సింబల్ ఆఫ్ ది అన్‌కాంకర్డ్’ ఒకే ఒక ప్రతి బెల్జియం ఆర్కైవులో దొరికింది, యూరప్ భాషల టైటిల్ కార్డులతో. అందులో కొన్ని భాగాలు లేవు. పోయినవాటిలో ముసుగు రౌతులు ఓడిపోయే ఘట్టం ఉంది. పునరుద్ధరించినవాళ్ళు అక్కడ ఏం జరిగిందో అక్షరాల్లో రాసి పెట్టారు. ఆ ఘట్టం గురించి ఆనాటి ఒక నల్లజాతి పత్రిక రాసిన రెండు మాటలు ఆధారం: రౌతులను మట్టికరిపించడంలో ఒక నల్లజాతి మనిషి ఇటుకలతో చేసిన దాడి ముఖ్యమైనదని.